కంటివియ్యం

బహుళ సప్తమి

మా ఇంటి కెమెరాకి సిగ్నల్ మళ్ళీ పోయింది.

ఎవరి కెమెరా ఆగుతుంటే వాళ్ళు ఏ రోజు ఏమైందో, ఏం చేశారో రాసి పున్నమినాటికి సంఘానికి చూపించాలట. కార్యదర్శి ప్రణీత్ గారు పడవలోంచే చెప్పేసి వెళ్ళారు. "నాలుగు ముక్కలు చాలమ్మా" అన్నారు. నాలుగు ముక్కలతో సరిపెట్టే మనిషిని కాను, అది ఆయనకీ తెలుసు. చదువుకోనివ్వండి.

రూటర్ ఆపి మళ్ళీ వేశాను. కెమెరా అద్దం మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. పచ్చదీపం వెలిగింది. అమ్మయ్య అనుకుని, మా ఇంటిని నీళ్ళ మీద తేల్చే పంటు కింద డ్రమ్ములకి పట్టిన గుల్ల గీకడానికి నీళ్ళలోకి దిగాను. గీకి పైకొచ్చేసరికి మళ్ళీ ఎర్రదీపం.

ఎర్రదీపం అంటే మా గుమ్మం, మా మంచినీళ్ళ ట్యాంకు ఎవరికీ కనబడటం లేదని అర్థం. నేను చూసుకోవడానికి లేదు. మా వాడలో ఎవరి బొమ్మ వాళ్ళు చూసుకోరు. వేటకి పోయినవాడు తన ఇల్లు తానెలా కాచుకుంటాడని మా అత్తగారి రోజుల్లో పెట్టుకున్న పద్ధతి. కాలవకి అవతల ఉన్న హారిక వదిన వంటింట్లో తెర మీద నా ఇల్లు కనిపిస్తుంది, నా తెర మీద ఆవిడ ఇల్లు కనిపిస్తుంది. దీన్ని కంటివియ్యం అంటాం. ఆవిడా నేనూ చుట్టాలం కాము. ఈ వియ్యం వల్లే పదకొండేళ్ళుగా వదినా అంటే వదినా అనుకుంటున్నాం.

ఏడాదికోసారి చూపుల పున్నమి వస్తుంది. ఆ రోజు ఎవరింటిని కాయదలుచుకున్నామో వాళ్ళ కెమెరాకి ఎర్ర దారం కట్టాలి. ఒకరు ఒక్కరికే కట్టాలి. ఏటా ఆవిడ నాకు కడుతుంది, నేను ఆవిడకి కడతాను. ఆ పున్నమి ఈ వచ్చేదే.

ఈ గొడవంతా కొత్తమ్మాయి మోక్షిత ఇల్లు మా వాడకి వచ్చాకే మొదలైంది. సంఘం వారు ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

బహుళ నవమి

పొద్దున్నే హారిక వదిన పడవ వేసుకొచ్చింది. "లిఖితా వదినా, నీ ఇల్లు మళ్ళీ చీకటైపోయిందే" అంటూ తాడు కట్టి పైకెక్కింది. నాకు సిగ్గేసింది. వాడలో ఇంకెవరి కెమెరా ఇలా ఆగట్లేదు. అది చెప్పడానికి ఆవిడ పని మానుకుని రావడం, మళ్ళీ నా ముందు కూర్చుని నవ్వుతూ చెప్పడం.

టీ ఇచ్చాను. తాగుతూ ఆవిడ చెప్పిన కబుర్లన్నీ మోక్షితవే. పోయిన నెలలో ఆ అమ్మాయి ఇంటిని లాంచీతో లాక్కొచ్చి హారిక వదిన ఇంటి పక్కనే లంగరు వేశారు. మొగుడు ఇసుక తోడే లాంచీ మీద పని, ఇంట్లో ఉండేది తక్కువ. ఇంకా వియ్యం కుదరలేదు కనక పున్నమి దాకా ఆ ఇంటి బొమ్మ కూడా హారిక వదినే చూస్తోంది.

"ఆ అమ్మాయి టీలో శొంఠి వేస్తుందే, ఎంత బావుంటుందో" అంది వదిన, నా టీ తాగుతూ.

"వేడి చేస్తుంది" అన్నాను.

"ఆ కెమెరా చూడాలి నువ్వు. మనం ఎటు నడిస్తే అటు మెడ తిప్పుతుంది. ఒక్కసారి ఆగింది లేదు."

నా కెమెరా మెడ తిప్పదు. పాపం దానికి మెడే లేదు. చూరు కింద గోడకి కొట్టి ఉంటుంది, ఎదురుగా ఉన్నది చూస్తుంది. పదకొండేళ్ళూ అలాగే చూసింది, ఇన్నాళ్ళూ హారిక వదినకి అది చాలింది.

ఆవిడ వెళ్ళాక రూటర్‌ని అటక మీంచి కిటికీలోకి మార్చాను. కెమెరాకి కరెంటు తీగ కొత్తది వేశాను. బట్టలారేసే ఇనపతీగ అడ్డమేమోనని అదీ విప్పేశాను. మధ్యాహ్నం దాకా పచ్చదీపమే. గాలి మళ్ళేసరికి ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ. కావాలని నన్ను ఏడిపిస్తున్నట్టుంది.

మోక్షిత మొట్టమొదటిసారి మా పంటు మీద కాలు పెట్టినప్పుడే అనుకున్నాను. బెండమొక్కలు చూసి "అబ్బ, ఎంత ఏపుగా ఉన్నాయండి పిన్నిగారూ" అంది. ట్యాంకు చూసి "ఎంత పెద్దదండి" అంది. ఆ సాయంత్రమే మా తెప్పతోటలో బూడిద గుమ్మడికాయ కోసి, పసుపూ కుంకుమా పెట్టి, పాత వలముక్కలో వేసి చూరుకి వేలాడదీశాను. అంత దిష్టికి ఆ కాయ చాలినట్టు లేదు.

బహుళ ఏకాదశి

మోక్షిత ఇంటికి వెళ్ళాను. పని ఏం లేదు. ఎండుచేపలు ఇవ్వడానికని వంక పెట్టుకున్నాను.

పడవ దగ్గరికి పోగానే ఆ కెమెరా నావైపు తిరిగి "దయచేయండి" అంది. మనిషి పిలవాల్సిన పిలుపు వస్తువు చేత పిలిపిస్తారా. లోపల్నించి మోక్షిత కూడా వచ్చి, "రండి రండి పిన్నిగారూ, మీ గురించే అనుకుంటున్నాం" అంది. ఎవరితో అనుకుంటోందో లోపలికి చూస్తే తెలిసింది. హారిక వదిన పీట మీద కూర్చుని వల అల్లుతోంది. పక్కన టీ గ్లాసు.

కాసేపు కూర్చున్నాను. ఆ అమ్మాయి మంచిదే, కాదనను. మర్యాద ఉంది, మాటలో తియ్యదనం ఉంది, వయసు ముప్ఫై కూడా నిండలేదు. ఎండుచేపలు అక్కడ పెట్టి వచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సింది, అవి మంచి చేపలు.

ఇంటికొచ్చి కెమెరా వెనకాల కన్నంలో పిన్ను గుచ్చి రీసెట్ చేశాను. పేరు, పాస్‌వర్డు మళ్ళీ మొదట్నించీ కొట్టాను. అది కాస్త నిలబడి, గాలి లేవగానే పడిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, కట్టిన గుమ్మడికాయ మరీ చిన్నది. దాన్ని దించి, తోటలోకి పోయి దానికి రెట్టింపు కాయ కోసుకొచ్చి కట్టాను.

మా ఆయన సాత్విక్ వల దులుపుతూ చూసి, "కెమెరాకి జ్వరమొస్తే గుమ్మానికి మందేస్తావేంటే" అన్నాడు.

"దిష్టి తగిలింది కెమెరాకి కాదు, ఇంటికి."

"ఎవరి దిష్టో?"

ముడి ఇంకాస్త బిగించాను. కాయ కట్టాక మాత్రం సాయంత్రమంతా ఎర్రదీపమే. చూశారా, ఎంత పట్టుదలగా తగిలిందో.

అమావాస్య

కింది వాడలో నీళ్ళ దొంగలు పడ్డారు. పట్టపగలు పడవేసుకొచ్చి, ట్యాంకులో పైపు దించి, ఆ ఇంటివాళ్ళు వేట నుంచి వచ్చేసరికి అడుగు కనబడేదాకా తోడుకుపోయారు. వాళ్ళ కెమెరా కూడా ఆగిపోయి ఉందట. మళ్ళీ వాన పడేదాకా వాళ్ళు ఇంటింటికీ బిందె పట్టుకుని తిరగాలి.

ప్రణీత్ గారు ఆ సంగతి చెప్పి, మా ఎర్రదీపం వైపు చూసి, గొంతు సవరించుకున్నారు. "అమ్మా, పున్నమినాటికి పచ్చదీపం ఉన్నవాళ్ళకే దారం కట్టించుకునే హక్కు. లేదంటే చీటీ తీసి ఎవరో ఒకరిని మీ ఇంటికి వేస్తాం. నేను పెట్టిన రూలు కాదండి."

"నా వియ్యం హారిక వదినతోనే."

"ఆవిడ ఇష్టం కూడా ఉంటుంది కదండి" అన్నారు ఆయన. ఇంకేం అనలేదు గాని, అనాల్సిందంతా అనేశారు. వాడంతా అనుకుంటున్నారన్నమాట.

హారిక వదిన ఇవాళా వచ్చింది. అసలు ఈ పక్షంలో రోజు విడిచి రోజు వస్తూనే ఉంది. "చీకటే, చీకటే" అంటుంది, కూర్చుంటుంది, నా చేత బెండకాయలు కోయించుకుని వేపుడు ఎలా చేస్తానో అడుగుతుంది, మా అత్తగారి కబుర్లు చెప్పించుకుని పొట్ట పట్టుకుని నవ్వుతుంది. వెళ్ళేముందు మాత్రం "బాగుచేయించుకో వదినా" అంటుంది. ఆ మాట గుండెలో ముల్లులా దిగుతుంది. బాగుచేయించుకోకపోతే ఏమవుతుందో చెప్పకుండా చెబుతోందనుకున్నాను.

పాత కాయతో అమావాస్యకి ఇంటికి దిష్టి తీసి, పగలగొట్టి కాలవలో పడేశాను. ఈసారి రెండు కట్టాను, చూరుకి ఈ కొసనొకటి, ఆ కొసనొకటి. కొత్త యాంటెన్నా కూడా తెప్పించి బిగించాను. ఇవాళ దీపం అసలు పచ్చబడలేదు.

శుద్ధ తదియ

పచ్చదీపం. నిన్నటి నుంచీ పచ్చదీపం, ఒక్కసారి కూడా మినుకుమనలేదు.

కొత్త యాంటెన్నా పని చెయ్యడానికి కాస్త టైము పట్టిందన్నమాట. నాకు ఎంత సంతోషమైందంటే సోలార్ పలకలు పాట పాడుకుంటూ తుడిచాను. మా ఆయన నిన్న పొద్దున వడియాలు పెట్టించుకోవాలని బుద్ధి పుట్టి, నన్నడక్కుండా చూరుకున్న రెండు కాయలూ దించి ముక్కలు కోసేశాడు. దిష్టికాయని కూర కింద కోస్తారా అని అరిచాను. "పసుపు కడిగాను కదే" అన్నాడు. పంటు మీదంతా గుడ్డ పరిచి వడియాలు పెట్టాం.

ఇంత పచ్చగా వెలుగుతుంటే హారిక వదిన చూసి ఏమంటుందో అని ఎదురుచూశాను. రాలేదు. బొమ్మ బాగా కనబడుతోంది కదా, రావలసిన పనేముంది.

శుద్ధ పంచమి

ఇవాళ నా తెలివి చూసి నాకే నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది.

దీపం నిలబడింది కదా, ఇక మోక్షిత కళ్ళు దాని మీద పడకుండా ఉండాలని మంచి కాయ చూసి మళ్ళీ కట్టాను. కట్టి మెట్టు దిగానో లేదో ఎర్రదీపం. గాలికి కాయ అటు జరిగింది, పచ్చ. ఇటు వచ్చింది, ఎరుపు. స్టూలెక్కి కాయని చంకనెత్తుకున్నాను, పచ్చ. వదిలాను, ఎరుపు. చంటిపిల్లని ఎత్తుకుని దించినట్టు అరగంట సేపు ఎత్తుతూ దించుతూ ఉన్నాను.

మా ఆయన్ని పిలిచి చూపించాను. "ఒళ్ళంతా నీళ్ళే కదే ఆ కాయ. నీళ్ళు సిగ్నల్‌ని మింగేస్తాయి. పంటు కింద రేడియో పెట్టి చూడు, పాడుతుందేమో" అన్నాడు.

"మరి ముందే చెప్పొచ్చుగా."

"దిష్టి విషయంలో నా మాట ఎప్పుడు విన్నావు గనక?"

చిన్న కాయ కడితే కొంచెం ఆగింది, పెద్ద కాయ కడితే ఎక్కువ ఆగింది, రెండు కడితే అసలు పోయింది. నా బొమ్మ నేను చూసుకోగలిగితే మొదటిరోజే తెలిసేది. మోక్షిత పాపం ఏమీ చేయలేదు. ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో ఎవరికి తెలుసు.

కాయ దించి వంటింట్లో పెట్టాను. కూరకి మాత్రం కొయ్యలేదు.

శుద్ధ సప్తమి

ఈ ముక్క సంఘానికి అక్కర్లేదు. నాకోసం రాసుకుంటున్నాను.

ఆ గుమ్మడికాయని శుభ్రంగా కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొత్త వలలో వేసి మోక్షిత ఇంటికి పట్టుకెళ్ళాను. "కొత్తగా వచ్చిన ఇల్లు, అందరి కళ్ళూ నీ మీదే ఉంటాయమ్మా. మా తోటలో కాయ" అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

ఆ అమ్మాయికి కళ్ళు చెమ్మగిల్లాయి. "మా అమ్మ ఉంటే చేసేదండి ఈ పని" అంది. ఎక్కడ కట్టమంటారని అడిగింది. చూరు మధ్యలో, సరిగ్గా కెమెరా ముందర, నా చేతులతోనే ముడి వేశాను. కెమెరా నావైపు మెడ తిప్పి "ధన్యవాదాలు" అంది. నేను మెట్టు దిగేలోగా దాని దీపం ఎర్రబడింది.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. అంత ఆకలి ఎక్కణ్ణించి వచ్చిందో.

శుద్ధ ఏకాదశి

నా దీపం పచ్చ, మోక్షిత దీపం ఎరుపు. నేను కోరుకున్నది ఇదే.

హారిక వదిన ఈ నాలుగు రోజుల్లో మా గడప తొక్కలేదు. ఎక్కడుందో నాకు బాగా తెలుసు. నా తెర మీద ఆవిడ ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది, తలుపు వేసి ఉంటుంది. తెర వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడితే అవతల మోక్షిత పంటు మీద ఇద్దరూ కనిపిస్తారు. బొమ్మ రావట్లేదు కదా, ఒంటరి పిల్ల, దొంగల రోజులు, అందుకని హారిక వదిన మనిషే వెళ్ళి కూర్చుంటోంది. వల అక్కడే అల్లుతోంది, అన్నం అక్కడే తింటోంది. మొన్న తల దువ్వించుకుంటోంది కూడా. గాలి ఇటు తిరిగితే నవ్వులు వినిపిస్తాయి.

నా ఇల్లు ఎంత చక్కగా, ఎంత స్పష్టంగా కనబడుతోందో కదా. ఆవిడ ఖాళీ వంటింట్లో ఆ తెరని చూసేవాళ్ళు లేరు.

దొంగతనమైనా జరిగితే బావుండునని అనిపించింది. మా ఇంట్లోనే. పచ్చదీపం వెలుగుతూ ఉండగా ఎవడైనా వచ్చి నీళ్ళు తోడుకుపోతే అప్పుడు ఏమంటుందో చూద్దామని. మనిషిని ఇంత కుళ్ళబెడుతుందా ఈ అసూయ. ఇవాళ అన్నం సయించలేదు.

పున్నమి

పొద్దున్నే హారిక వదిన వచ్చింది, చేతిలో ఎర్ర దారం. స్టూలెక్కి, నా కెమెరాకి రెండు చుట్లు తిప్పి ముడి వేసింది. నేనూ ఆవిడ పడవలోనే వెళ్ళి ఆవిడ కెమెరాకి కట్టొచ్చాను. ఎర్రదీపం కాబట్టి మోక్షితకి సంఘం చీటీ తీసింది. ఎవరో చివరి వరస వాళ్ళు పడ్డారు.

నేనే గెలిచాను. గెలిచినదాన్ని గనక టీ పెడదామని లోపలికి పోబోతుంటే వదిన పడవ తాడు విప్పుతోంది.

"వస్తానే. ఆ పిల్ల ఒక్కతే ఉంది, దాని ఇల్లు ఇంకా చీకటే. నీకేం, నిక్షేపంగా కనబడుతున్నావు."

ఇక నా వల్ల కాలేదు. "చూరుకున్న గుమ్మడికాయ తీసేస్తే దాని దీపం వెలుగుతుంది" అనేశాను.

"తెలుసు" అంది వదిన.

నా కాళ్ళ కింద పంటు కదిలింది. ఏదో అల వచ్చిందనుకుంటాను.

"ఎప్పణ్ణించి?"

"నువ్వు నీ చూరుకి కట్టినప్పణ్ణించి. నీ బొమ్మ చూసేది నేనే కదా లిఖితా. కాయ అడ్డంగా ఊగితే చాలు, తెర పోయేది. దానికి రెట్టింపు కాయ కట్టినప్పుడు ఎంత నవ్వుకున్నానో."

"మరి చెప్పలేదేం? ఎన్ని తీగలు మార్చాను, ఎన్ని..."

"చెబితే తీసేస్తావు. తీసేస్తే ఏ వంక పెట్టుకుని రాను?"

తాడు చేతిలోనే పట్టుకుని పడవలో కూర్చుంది. కోపంగా లేదు. ఎప్పుడూ మాట్లాడే గొంతే.

"మా ఆయన మంచినీళ్ళ లాంచీ దిగేది పక్షానికోసారి. ఇన్నేళ్ళూ తెర మీద నువ్వు బట్టలారేస్తుంటే చూశాను, మీ ఆయనతో తగువాడుతుంటే చూశాను. దీపం పచ్చగా ఉన్నన్నాళ్ళూ నీ ఇంటికి నేనెన్నిసార్లొచ్చాను చెప్పు. దారం కట్టడానికి ఏడాదికోసారి. ఆ కాయ పుణ్యమా అని ఒక్క పక్షం నీ పక్కన కూర్చున్నాను. తీసేశావు. పోనీలే బాగుచేసుకుంది అని సంతోషించాను."

"వంకెందుకు వదినా, రావచ్చుగా?"

"నువ్వెప్పుడైనా రమ్మన్నావా?"

మోక్షిత రోజుకి పదిసార్లు కాలవ మీంచి కేకేసి పిలుస్తుంది, నా చెవులతో నేనే విన్నాను. విన్న ప్రతిసారీ పళ్ళు కొరికాను గాని, నేనూ ఒక కేక వెయ్యొచ్చని తట్టలేదు. ఆవిడ ఎప్పుడూ నా తెర మీదే ఉంది. ఎదురుగా ఉన్న మనిషిని పిలిచేదేంటి అనుకున్నాను.

వదిన తెడ్డు వేసింది. పడవ కాలవ సగం దాటింది. నా కెమెరా పచ్చగా వెలుగుతూ నా తల మీదుగా అటే చూస్తోంది.

వాడంతా వినబడేలా అరిచాను. "వదినా! సాయంత్రం టీకి రా!"

ఆవిడ వెనక్కి తిరగలేదు. తెడ్డు ఒక్క క్షణం ఆపి, మళ్ళీ వేసింది.

బహుళ పాడ్యమి

సంఘం వారికి. నిన్న సాయంత్రం గంటసేపు మా ఇంటి బొమ్మ ఎవరూ చూడలేదు, హారిక వదిన ఇంటి బొమ్మ నేనూ చూడలేదు. కెమెరాలు రెండూ బాగానే ఉన్నాయి. తప్పంతా మాదే, కావాలంటే జరిమానా వేసుకోండి.

హారిక వదిన వచ్చింది. వస్తూ వస్తూ, ఒక్కతే ఉంటుందని చెప్పి మోక్షితని కూడా వెంటబెట్టుకొచ్చింది. నేను పిలిచింది ఒక్కరిని. ఇద్దరూ ఒక పడవలో, ఏదో మాటకి నవ్వుకుంటూ వచ్చారు. ఆ మాటేంటో నాకు చెప్పలేదు.

ఒళ్ళు మండింది. ముగ్గురికీ టీ పెట్టాను.